తాటాకు మీది తప్పు

కొండల్లోని సర్పవనంలోంచి ప్రాణాలతో బయటపడిన మూడో రోజు మధ్యాహ్నం కేతకి రత్నఘట్టం నగరం చేరింది. అయితే ద్వారపాలకులకు కనిపించింది కేతకి కాదు, కొలువు లేఖరి. పొడవాటి జడ ఎర్రపాగాలో దాగిపోయింది. పైపెదవి మీద మసితో దిద్దిన నూనూగు మీసం, చెవి వెనక ఇనుప గంటం, చంకలో తాటాకుల కట్ట. ఆ పాగాకూ గంటానికీ అసలు యజమాని ఊరి బయట సత్రంలో నోరు తెరుచుకుని గురకపెడుతున్నాడు. అతని మజ్జిగలో మత్తువేరు అరగదీసి కలిపినవాడు కేతకి వెంట వచ్చిన బోయ గండడు.

"చూడు చెల్లీ, ఎంత హాయిగా పడుకున్నాడో! మూడు రోజులుగా నాకు కునుకు లేదు. ఆ మజ్జిగ నేను తాగాల్సింది," అని సత్రంలోంచి బయల్దేరేముందే అన్నాడు గండడు.

"నీ వేళాకోళం తగలెయ్య! అక్కడ మా నాన్న తల పోయేలా ఉంది," అంది కేతకి. "నువ్వు పుట్టి పడవ వేసుకుని రేవు పక్కన రెల్లుపొదల్లో కాచుకుని ఉండు. నాన్నని ఎలాగోలా నీళ్ల దాకా తెస్తాను. ఆపైన నీదే భారం."

"ఎలా తెస్తావమ్మా?"

"అదే ఇంకా తెలీదు," అంటూ ఆమె పరుగు తీసింది.

కేతకి తండ్రి ఏరయ్య శంఖవాహినీ నది గట్టుకు కావలివాడు. ముప్పై ఏళ్లుగా ప్రతి ఉదయం నదిలో పాతిన కంబం దగ్గరికి వెళ్లి, నీరు ఏ గీత దాకా వచ్చిందో చూసి, తాటాకు మీద రాసిపెట్టడం అతని పని. ప్రతి శ్రావణంలోనూ ఒక పసిబిడ్డను పూలతెప్ప మీద కూర్చోబెట్టి నదిలోకి వదిలించడం రాజగురువు వక్రజటుడి పని. బిడ్డను ఇవ్వకపోతే నది ఊరిని మింగేస్తుందని ఆ మాంత్రికుడు చెప్పాడు, రాజ్యం నమ్మింది. ఈ ఏడు తెప్ప కడుతూ ఉండగా ఏరయ్య నడిబజారులో నిలబడి, నది ఎవరి బిడ్డనూ అడగలేదు, అడిగేది ఈ జడలవాడే అన్నాడు. ఆ ఒక్క మాటకు నదీద్రోహి అని సంకెళ్లు వేశారు. అప్పటికి కేతకి ఊళ్లో లేదు. వాన ఎక్కడ పుడుతుందో చూసి రమ్మని తండ్రే ఆమెను కొండల్లోకి పంపాడు. అక్కడే ఆమెకు ఈ కబురు అందింది.

నది ఒడ్డున కొలువుమంటపం ధగధగలాడుతోంది. నూటెనిమిది చందనపు స్తంభాలు, ప్రతి స్తంభానికీ ముత్యాలు నోట కరుచుకున్న వెండి మకరాలు, పైన నెమలికన్నుల చాందినీ, కింద పాదం మునిగే ఎర్ర తివాచీ. నడుమ కెంపుల సింహాసనంలో మణిధర మహారాజు కూర్చున్నాడు. ఆయనకు ఇంకా ఇరవై నిండలేదు. కిరీటం చెవుల మీదికి జారినప్పుడల్లా ఎడమచేత్తో ఎత్తిపట్టుకుంటాడు. ఏదైనా నిర్ణయం చెప్పాల్సి వస్తే గురువుగారి మొహం చూస్తాడు. రాజ్యం ఏలడమంటే అంతే కాబోలు అనుకుంటున్నాడు పాపం.

ఆ గురువుగారు పక్కనే ఉన్నాడు. మోకాళ్ల దాకా వేలాడే వంకరజడలు, మెడలో గుడ్లగూబ పుర్రె, చేతిలో బూడిద సంచి. ఎదురుగా రేవుమెట్ల కింద పూలతెప్ప నీళ్లలో ఊగుతోంది. దాని మీద పసుపుబట్టలు కట్టించిన ఆరేళ్ల ముత్తి మందు మత్తులో తల వాల్చేసింది. పై మెట్టు మీద ఆ పిల్ల తల్లి, వీధుల్లో ఉప్పు అమ్ముకునే సంకమ్మ కూర్చుని ఉంది. ఆమె ఏడుపు ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడామె ఆశంతా మాటరాయి మీద నిలబడిన ఏరయ్య మీదే ఉంది.

నీలకూట రాజ్యంలో మరణశిక్షకు పాత్రుడైనవాడికి కూడా ఒక హక్కు ఉంది. మంటపం ముందున్న నల్లబండ పేరు మాటరాయి. దాని మీద నిలబడి ఎవరైనా తన నమ్మకాన్ని సమర్థించుకోవచ్చు. మాట్లాడుతున్నంతసేపూ రాజు కూడా వాణ్ణి ముట్టుకోకూడదు, కొలువులోంచి ఒక్క భటుడు కూడా కదలకూడదు. నోరు ఆగిందంటే డోలువాడు మెల్లగా పది దెబ్బలు వేస్తాడు. పదో దెబ్బలోగా మళ్లీ మాట రాకపోతే సమర్థన ముగిసినట్టే. దిగేముందు ‘నేను అన్నది ఒప్పు’ అనో, ‘నేను అన్నది తప్పు’ అనో చెప్పాలి. ఒప్పు అన్నవాడి తల పోతుంది, తప్పు అన్నవాడి తల మిగులుతుంది. కాకపోతే తీర్పు నోటి మాట మీద ఇవ్వరు. లేఖరి తాను రాసిన తాటాకును చదివి వినిపించాక, నిందితుడు ‘ఇది నా మాటే’ అంటేనే అది చెల్లుతుంది. ‘నా మాట కాదు’ అన్నాడో, దొంగరాత రాసినందుకు లేఖరి తల అక్కడికక్కడే తెగిపడుతుంది. ఆ పనికి లేఖరి పీట వెనకాలే తలారి ఒకడు కత్తి పట్టుకుని నిలబడి ఉంటాడు.

కేతకి వెళ్లి ఆ పీట మీద కూర్చుంది. తండ్రి ఆమెను చూశాడు గానీ పోల్చుకోలేదు. అతని మొహం వాచిపోయింది, ఒక కన్ను మూసుకుపోయింది. ఏడిస్తే మీసం కరిగిపోతుంది, అందుకని కేతకి ఏడవలేదు.

"అయ్యలారా, అమ్మలారా," అని మొదలుపెట్టాడు ఏరయ్య. "నేను పెద్ద చదువులు చదివినోణ్ణి కాను. గీత చూడ్డం వచ్చు, చూసింది రాయడం వచ్చు. నేనొచ్చాక ముప్పై తెప్పలు వెళ్లాయి. అయినా పదకొండుసార్లు వరదొచ్చింది. వచ్చినప్పుడల్లా గురువుగారు ఏమన్నారు? పిల్ల నక్షత్రం మంచిది కాదన్నారు. రానప్పుడు ఏమన్నారు? పిల్లనిచ్చాం కాబట్టి రాలేదన్నారు. వస్తే పిల్ల తప్పు, రాకపోతే ఆయన గొప్ప. ఈ ఆటలో ఆయన ఓడేదెప్పుడయ్యా?"

జనంలో ఎవరో కిసుక్కున నవ్వి, భటుణ్ణి చూసి నోరు మూసుకున్నారు.

"కొండ మీద మూడు రోజులు మబ్బు కదలకుండా కూర్చుంటే నాలుగో రోజు నీళ్లొస్తాయి. గట్టు కింద తూము పూడిపోతే ఆ నీళ్లు ఊళ్లోకొస్తాయి. పూడిక తీయించండయ్యా అని మంత్రుల కాళ్లు పట్టుకున్నాను. మనుషులు లేరన్నారు. తెప్పకి పూలు కట్టడానికి మాత్రం నాలుగొందల మంది దొరికారు."

"నీకు నది మీద భక్తి లేదురా, పాపీ!" అని గర్జించాడు వక్రజటుడు.

"ఉంది సామీ. అది మా అమ్మ. మా అమ్మ పిల్లల్ని తింటుందని మీరంటుంటే ఊరుకోలేకపోయాను."

సంకమ్మ చేతులు జోడించింది. గంటం తాటాకు మీద చకచకా సాగుతోంది. ఏరయ్య గొంతు తగ్గింది.

"ఇంకొకటి చెబుతాను. ఒక ఏడు నదికి బిడ్డ అందలేదు. తెప్ప వెళ్లింది, బిడ్డ బతికింది. ఆ ఏడు నీరు నాలుగో గీత దాటలేదు."

కొలువులో కలకలం రేగింది. వక్రజటుడు ఒక్క ఉదుటున లేచాడు. "ఏ ఏడు? ఎవరా బిడ్డ? ఎక్కడుంది?"

"చెప్పను. చంపినా చెప్పను," అని ఏరయ్య నోరు మూసుకున్నాడు.

డోలు మోగడం మొదలైంది. ఏడో దెబ్బకు అతను మళ్లీ తల ఎత్తాడు. "నా పాపం కూడా ఉంది, దాచను. అన్నేళ్లూ చూస్తూ ఊరుకున్నాను. దానికి నన్నేం చేసినా చెయ్యండి. ఇవాళన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. నది బిడ్డల్ని అడగదు. నేను అన్నది ఒప్పు."

అప్పటిదాకా కేతకి పొల్లుపోకుండా రాసింది. ఆఖరి మాట మిగిలింది. ఒప్పు. అందులో ‘ఒ’ బదులు ‘త’ రాస్తే చాలు, నాన్న ఇంటికొచ్చి గంజి తాగుతాడు. ప్రాణం ఉంటే నిజం ఎప్పుడైనా చెప్పుకోవచ్చు, తల పోయాక ఎవరు చెబుతారు? అంతకంటే ఆలోచించే వ్యవధి ఆమెకు లేదు. ‘త’ రాసేసింది.

ఆకు మీద మసి రుద్ది, లేచి నిలబడి, గొంతు బొంగురు చేసుకుని చదివింది. అంతా చదివి చివరికొచ్చింది. "నేను అన్నది తప్పు."

ఆ ఒక్క మాట దగ్గర బొంగురు మర్చిపోయింది. సన్నగా, వణుకుతూ సొంత గొంతే వచ్చింది. ఏరయ్య ఉలిక్కిపడి తెరిచివున్న కంటితో ఆమెను చూశాడు. చూసి, ఆమె వెనకాల తలారి చేతిలో కత్తిని చూశాడు.

జనం గుసగుసలాడారు. అందరూ విన్నది ఒప్పు అని కదా! వక్రజటుడు కూడా అభ్యంతరం చెప్పబోయి, ఏమనుకున్నాడో, మీసాల్లో నవ్వుకుని కూర్చుండిపోయాడు. నమ్మకం కోసం చచ్చినవాడి మాట ఊళ్లో తిరుగుతుంది. తప్పు ఒప్పుకున్నవాడి మాట ఎవడూ వినడు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

రాజు గురువు మొహం చూసి అడిగాడు. "ఏరయ్యా, ఇది నీ మాటేనా?"

డోలు మోగింది. ఏరయ్య సంకమ్మను చూశాడు, తెప్ప మీద పిల్లను చూశాడు, మళ్లీ మసిమీసం పెట్టుకున్న కూతుర్ని చూశాడు. తొమ్మిదో దెబ్బ పడ్డాక, "నా మాటే," అన్నాడు.

"ఏరన్నా!" అంది సంకమ్మ. తిట్టడానికి కూడా ఆమెకు ఇంకో మాట దొరకలేదు.

"భేష్!" అన్నాడు వక్రజటుడు. "తప్పు ఒప్పుకున్నవాడు చేత్తో కూడా దిద్దుకోవాలి. తెప్ప తాడు నువ్వే విప్పు. లేఖరీ, ఆ ఆకు పట్టుకెళ్లి తెప్పకు కట్టు. వీడి ఒప్పుకోలు నదికి కూడా అందాలి."

సంకెళ్లు ఊడదీశారు. తండ్రీ కూతురూ పక్కపక్కన రేవుమెట్లు దిగసాగారు. భటులు నాలుగడుగులు వెనక ఉన్నారు.

"నాన్నా, రెల్లుపొదల్లో మన పుట్టి ఉంది. కిందికి దిగగానే దూకేద్దాం," అంది కేతకి పెదవులు కదపకుండా.

"నిన్ను కొండల్లోకి ఎందుకు పంపాననుకున్నావమ్మా?"

"వాన చూసి రమ్మని."

"కాదే తల్లీ. నువ్వు ఊళ్లో లేకుండా చూసి నోరు తెరుద్దామని. పద్దెనిమిదేళ్ల కిందట ఒక తెప్ప మొగలిపొదల్లో చిక్కుకుంది. అందులో పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఇంటికి తెచ్చుకున్నాను. నీకు కేతకి అని పేరెందుకు పెట్టాననుకున్నావు?"

కేతకి కాళ్లు మెట్టు మీదే ఆగిపోయాయి.

"నడువు, వెనక చూస్తున్నారు," అన్నాడు ఏరయ్య. "నువ్వు బతికున్నావు, వరద రాలేదు. ఆ మాట అప్పుడే చెప్పుంటే అన్నీ ఆగిపోయేవి. చెబితే నిన్ను మళ్లీ నీళ్లలో వేస్తారని చెప్పలేదు. నీ తరవాత పదిహేడు తెప్పలు వెళ్లాయి. ఇది పద్దెనిమిదోది. ఈసారి ఇంక నావల్ల కాలేదమ్మా."

"నన్ను తిట్టు నాన్నా. నీ మాటను నేనే చంపేశాను."

"నిన్ను అనడానికి నాకు నోరేదీ? ఇన్నాళ్లూ నేను చేసిందీ ఇదేగా."

ఆ మాటతో కేతకి గుండె పగిలిపోయింది. తండ్రి కొట్టినా బాగుండేది. ఆయన బతుకంతా మోసిన బరువు తానేనని, దాన్ని దించుకుందామని రాయెక్కినవాణ్ణి మళ్లీ కిందికి లాగింది కూడా తానేనని తెలిశాక ఆమెకు పుట్టి కనిపించలేదు, పారిపోయే దారి కనిపించలేదు. చేతిలోని ఆకును నడిమికి విరిచింది. భటులు తేరుకునేలోపు నాలుగేసి మెట్లు దాటుకుంటూ పైకి పరిగెత్తి మాటరాయి ఎక్కేసింది. పాగా లాగి పారేసింది. జడ నడుము మీద పడింది.

"ఆ ఆకు దొంగరాత! రాసింది నేను!" అని అరిచింది. "మా నాన్న అన్నది ఒప్పు!"

"పట్టుకో! నరుకు!" అన్నాడు వక్రజటుడు. తలారి కత్తి ఎత్తాడు.

"ఆగరా," అన్నాడు ముసలి డోలువాడు. "పిల్ల రాయి మీదుంది."

రాజు గురువు మొహం చూశాడు. గురువు తల అడ్డంగా ఊపాడు. రాజు కిరీటం ఎత్తిపట్టుకుని కాస్త ఆలోచించి, "రాయి మీద ఉంది కదా గురువుగారూ," అన్నాడు మెల్లగా.

"రాసేవాడు లేనిది సమర్థన ఎలా అవుతుంది?" అని కసిరాడు వక్రజటుడు.

ఏరయ్య అప్పటికే మెట్లెక్కి వచ్చాడు. ఎవరినీ అడగకుండా లేఖరి పీట మీద కూర్చుని, కింద పడిన గంటం తీసుకున్నాడు. "చెప్పమ్మా," అన్నాడు. ఆమె దిగిన క్షణంలో ఏం జరుగుతుందో అక్కడ అందరికంటే అతనికే బాగా తెలుసు.

"నదికి అందని బిడ్డను నేనే!" అంది కేతకి. "పద్దెనిమిదేళ్లుగా ఈ ఊళ్లోనే తిరుగుతున్నాను. మీ బావుల్లో నీళ్లు తాగాను, మీ జాతరల్లో తిరిగాను. నది నాకోసం ఎప్పుడైనా వచ్చిందా? చెప్పండి!"

ఆమె తండ్రి సమర్థనంతా మళ్లీ మొదటినుంచీ అందుకుంది. కంబం, గీతలు, మబ్బు, తూము, ఒక్కటీ వదల్లేదు. వక్రజటుడు బూడిద సంచిలో చెయ్యి పెట్టి, నాలుకకట్టు మంత్రం గొణిగి చిటికెడు బూడిద ఆమె వైపు ఊదాడు. ముట్టుకోకూడదన్నారు గానీ ఊదకూడదనలేదు కదా! కేతకి నాలుక నోట్లోనే కొయ్యబారిపోయింది. డోలు మోగింది. నాలుగు, ఐదు, ఆరు. ఎనిమిదో దెబ్బకు ఆమె ఆ నాలుకనే పళ్ల మధ్య పెట్టి కసిక్కున కొరికింది. నెత్తురు చిందింది, కట్టు తెగింది. "తూములో మట్టి తీయండి!" అని కేక పెట్టింది.

రాయి మీంచి ఆమెకు నది కనిపిస్తోంది. గండడు వేళాకోళగాడే గానీ బుద్ధిహీనుడు కాడు. నోట్లో రెల్లుపుల్ల పెట్టుకుని నీటి కిందనుంచి ఈదుకొచ్చి తెప్ప అడుగున తేలాడు. అతని చెయ్యి పూల మధ్యనుంచి లేచి ముత్తిని పొదివి పట్టుకోవడం సంకమ్మ కూడా చూసింది. చూసి, అటు చూడనివ్వకుండా భటుల కాళ్ల మీద పడి శోకాలు మొదలుపెట్టింది. వాళ్లు ఆమెను లేపి పక్కకు తోసేసరికి పుట్టి రెల్లుపొదలు దాటి నడినదిలో ఉంది.

"తెప్ప ఖాళీ! పడవలు దింపండి!" అని వక్రజటుడు పళ్లు కొరికాడు. కానీ మాట నడుస్తుండగా భటుడు కదలకూడదు. దూరంగా నది మలుపు ఉంది, ఆ మలుపు తిరిగితే కొండలు. పుట్టి గుండ్రంగా తిరుగుతూ మెల్లగా పోతోంది. ఆమె నోరు ఆగితే ఇరవై పడవలు దాని వెంట పడతాయి.

కేతకి చెప్పాల్సిందంతా చెప్పేసింది. నోటినిండా నెత్తురు. డోలు మళ్లీ మొదలైంది.

"ఇంకా ఉందామ్మా?" అని అడిగాడు ఏరయ్య. లేఖరి అడగాల్సిన మాట కాదది. అతను ఏడుస్తూ అడిగాడు.

"ఉంది నాన్నా. రాసుకో," అంది కేతకి.

చిన్నప్పుడు ఆమె అక్షరాలు నేర్చుకున్నది తండ్రి రాసిపెట్టిన తాటాకుల మీదే. ఏటికో ఆకు. దాని మీద శ్రావణంలో నీరు ఏ గీత దాకా వచ్చిందో ఉండేది, అంచున ఏదో ఒక పేరు ఉండేది. ఆ పేర్లు ఎవరివో ఇవాళ్టిదాకా ఆమెకు తెలియదు.

"మొదటి ఏడు, ఆరో గీత, సింగడు," అంది. "రెండో ఏడు, తొమ్మిదో గీత, వరదొచ్చింది, చెంచి. మూడో ఏడు, ఐదో గీత, బాలన్న."

జనంలో ఎక్కడో ఒక ముసలివాడు, "నా మనవడు!" అని కుప్పకూలిపోయాడు. తరవాతి పేరుకు ఇద్దరు ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకున్నారు. రాజు కిరీటం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. వక్రజటుడి అరుపులు ఎవరికీ వినిపించడం లేదు. కేతకి పన్నెండో ఏడు దాకా వచ్చింది. "పదమూడో ఏడు, నాలుగో గీత," అని ఆగిపోయింది.

ఆ ఆకు అంచు ఖాళీ. చచ్చిపోని బిడ్డ పేరు ఏరయ్య రాయలేదు. గంటం పట్టుకుని అతను కూతురి మొహంలోకి చూశాడు, తనకూ తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె నడిచే మనిషి, మాట్లాడే మనిషి, కన్నవాళ్లు పెట్టిన పేరు మాత్రం తనకు తెలియదు. డోలు ఐదు కొట్టింది. ఆరు. నది మలుపుకు పుట్టి ఇంకా చాలా దూరంలో ఉంది. ఏడు. ఎనిమిది.

అప్పుడు జనం వెనకవైపునుంచి, నెరిసిన జుట్టు ముడి వేసుకున్న ఒక ఆడమనిషి అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చింది. ఆమె కళ్లు కేతకి మొహం మీదే ఉన్నాయి.

"పైడి," అంది ఆమె. "మేం పెట్టుకున్న పేరు పైడి, తల్లీ."

తొమ్మిదో దెబ్బ పడింది.

"పదమూడో ఏడు, నాలుగో గీత, పైడి," అంది కేతకి. ఏరయ్య రాసుకున్నాడు.